ఎంతమంది అని అడగని మనిషి

మా ఎదురింటి పశువుల డాక్టర్ గారు పోయారు. గురువారం పొద్దున ఆఫీస్ పార్కింగ్‌లో కారు ఆపుతుంటే వాళ్ళావిడ, మా ఆంటీ, ఫోన్ చేశారు. నిద్రలోనే పోయారని, బాధపడలేదని చెప్పారు.  చికాగో పక్కనున్న మా అరోరాలో మనుషుల డాక్టర్లకు కొదవ లేదు, ఒక్క మా వీధిలోనే ముగ్గురున్నారు. కానీ నా పని నాకు నేర్పింది ఈ పశువుల డాక్టర్ గారే.

ఆయనది ఒంగోలు దగ్గర పల్లెటూరు. ఉద్యోగమంతా తూర్పు ఆఫ్రికాలో, పశువులకు టీకాలు వేస్తూ గడిచింది. రిటైరయ్యాక ఇక్కడ స్థిరపడ్డారు. ఆయనకో వింత అలవాటుండేది, దేన్నీ లెక్కపెట్టేవారు కాదు. వినాయక చవితికి అందరినీ భోజనానికి పిలిచి, ఆంటీ ఎంతమందికి వండాలని అడిగితే ఒక్కొక్కరి పేరే చెప్పుకుంటూ పోయేవారు. ఎవరికి కారం పడదో, ఎవరి పాప పెరుగన్నం తప్ప ముట్టదో, అన్నీ వచ్చేవి అందులో. ఆంటీ వెనకాల వేళ్ళు మడుస్తూ ఉండేవారు. కాలేజీలో లెక్కల క్లాస్ ఎగ్గొట్టి ఉంటారని మేమంతా ఆటపట్టించేవాళ్ళం. ఆయనా నవ్వేవారు గానీ, కారణం మాత్రం చెప్పేవారు కాదు.

అది నాకు తెలిసింది ఒక కేసు వల్ల. ఎకానమీ కూలిపోయి, మా ఆయన ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియని రోజులవి. నేను ఒక ఇమ్మిగ్రేషన్ లాయరు దగ్గర అసిస్టెంటుని. ఎసైలమ్, అంటే ఈ దేశంలో ఆశ్రయం, కోరుతూ తూర్పు ఆఫ్రికా నుంచి ఒక పశువుల కాపరి వచ్చాడు. దేశం పేరు చెప్పను, అతని అన్నదమ్ములు ఇంకా అక్కడే ఉన్నారు. మిగతాది అతని అనుమతితోనే రాస్తున్నాను.

అక్కడ అంతర్యుద్ధం. తిరుగుబాటుదారుల మీదికి పంపడానికి ప్రభుత్వం ఇతని జాతివాళ్ళకు తుపాకులిచ్చింది. పక్కనే మందలు మేపుకునే ఇంకో జాతికి ఇవ్వలేదు. తాతల నాటి నుంచీ ఒకే మడుగులో నీళ్ళు తాగించుకున్నవాళ్ళు శత్రువులైపోయారు. కొన్నేళ్ళకు ఇతని ఊరివాళ్ళు ఇక కాల్చం అన్నారు. అప్పుడు తుపాకులిచ్చిన సైన్యమే, తుపాకులున్నాయన్న నెపంతో వచ్చి ఊరు తగలబెట్టి మందలు తోలుకుపోయింది. ఇతను తప్పించుకున్నాడు. కేసు ఓడితే తిరిగి ఆ సైన్యం చేతికే వెళ్ళాలి.

కేసుని పాడుచేసింది నేనే. పశువులెన్ని అని మొదటిసారి అడిగితే కొన్ని అన్నాడు. ఇంకోసారి ఇరవై అన్నాడు. అఫిడవిట్‌లో అరవై అని రాయించాడు. నేను మూడూ ఉన్నవి ఉన్నట్టు టైప్ చేసి పంపేశాను. ప్రభుత్వ లాయరు దాన్నే పట్టుకున్నాడు. సొంత పశువులెన్నో చెప్పలేనివాడి మాట ఏది నమ్మాలన్నాడు.

మా లాయరు ఒప్పుకుంటే డాక్టర్ గారిని ఆఫీస్‌కి తీసుకెళ్ళాను. ఆయన కాపరి చెయ్యి పట్టుకుని వాళ్ళ భాషలో ఏదో అడిగారు. ముందు పశువుల క్షేమం, తరువాత గడ్డి, ఆ తరువాతే పిల్లలు, అదీ అక్కడి పలకరింపు వరస అని తరువాత చెప్పారు. తమవాడనుకున్న ప్రతి మగవాడికీ మందలో తన పేరిట ఒక ఎద్దు ఉంటుందని కూడా అన్నారు. మూడు నెలలుగా నేల చూపులు చూస్తూ కూర్చున్న మనిషి తలెత్తాడు. డాక్టర్ గారు నా వైపు తిరిగారు.

"తప్పు అతనిది కాదమ్మాయ్, నీది. మందెంతని వాళ్ళనెవరూ అడగరు. అడిగేది ఇద్దరే, దొంగలూ సర్కారువాళ్ళూ. అక్కడ ఆ ఇద్దరూ ఒకళ్ళే అయిపోయారు. ఎన్ని అని కాదు, ఏవేవి అని అడుగు."

చికాగోలో హియరింగ్ రోజున మా లాయరు అలాగే అడిగాడు. కాపరి కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. బూడిదరంగుది, మెడ కింద తెలుపు. ఎర్రది, కొమ్ములు వెనక్కి తిరిగినవి. దాని దూడ, ఎడమ చెవి చీలింది. ఇంటర్‌ప్రెటర్‌కి రంగులకు ఇంగ్లీషు మాటలు చాలక ఆగి ఆగి చెప్పాడు. ప్రభుత్వ లాయరు ఆపబోతే జడ్జి చెయ్యెత్తి వారించింది. చివరి ఆవు చెప్పాకే కళ్ళు తెరిచాడు.

తరువాత డాక్టర్ గారు సాక్ష్యం చెప్పారు. అక్కడ తుపాకీ పుచ్చుకోకపోతే ప్రభుత్వానికి శత్రువు, పుచ్చుకుంటే పొరుగువాడికి శత్రువు అన్నారు. అక్కడితో దిగిపోవచ్చు. దిగలేదు. ఎవరూ అడగకుండానే తన సంగతి చెప్పారు. టీకాల కోసం ఏ మంద ఎక్కడుందో, ఎన్ని తలలో ఒక రిజిస్టర్ రాసేవారట. ఒకరోజు సైనికులు క్యాంపుకొచ్చి దాన్ని పట్టుకుపోయారు. ఆ తరువాత వాళ్ళు మందల మీద పడ్డది ఆ రిజిస్టర్‌లోని వరసలోనే. ఆ రోజు నుంచీ తను దేన్నీ లెక్కపెట్టలేదని చెప్పి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. వినాయక చవితి భోజనాలు గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

తిరిగొస్తూ కార్‌లో, అదంతా ఎందుకు చెప్పారని అడిగాను. "అతను ఉన్నది ఉన్నట్టు చెప్పాడు కదమ్మా. పక్కన కూర్చుని నేను దాచుకుంటే ఏం బావుంటుంది?" అన్నారు.

కేసు గెలిచాం. కాపరి ఇప్పుడు ట్రక్ నడుపుతున్నాడు. నేనైతే ఆ రోజు నుంచీ ఎవరినీ మీ ఇంట్లో ఎంతమంది పోయారని అడగలేదు. ఎవరెవరు అని అడుగుతాను. జనం చెబుతారు. దుఃఖంతో మాటలు రానివాళ్ళు కూడా పేర్లు చెబుతారు. ఈ ఒక్క ప్రశ్న వల్ల ఎన్నో కుటుంబాలు ఇక్కడ నిలిచాయి, వాళ్ళెవరికీ ఆయనెవరో తెలియదు. నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

శనివారం ఫ్యూనరల్ హోమ్‌లో కుర్చీలు వేసే అతను ఎంతమంది వస్తారని అడిగాడు. నోటిదాకా వచ్చిన అంకె మింగేసి, పేర్లు చెప్పడం మొదలుపెట్టాను. పాపం, ఓపిగ్గా విన్నాడు.

అందరూ వెళ్ళిపోతుండగా కాపరి వచ్చాడు. రాత్రంతా ట్రక్ నడుపుకుంటూ వచ్చాడట. డాక్టర్ గారి శవపేటిక మీద అరచెయ్యి ఆనించి, ఆంటీకి అర్థం కావాలని ఇంగ్లీషులో మెల్లగా చెప్పసాగాడు. బూడిదరంగుది, మెడ కింద తెలుపు. ఎర్రది, కొమ్ములు వెనక్కి తిరిగినవి. కోర్టు కాగితాల కోసం టైప్ చేసింది నేనే కాబట్టి నాకు ఆ వరసంతా కంఠతా వచ్చు. అందులో లేని ఎద్దొకటి చివర వచ్చింది. నల్లది, నుదుట తెల్లచుక్క, ఒక కొమ్ము కిందికి వంగినది.

అది ఎవరిదని అడిగాను.

"డాక్టర్‌ది" అన్నాడు, చెయ్యి తియ్యకుండానే.