స్కేలు పెట్టని ఫోటో

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని కెమెరా బాబాయ్ అనేవారు. చర్మవ్యాధుల విభాగంలో ఫోటోగ్రాఫరు. పెళ్ళిళ్ళలో తీసే వాడికైతే నలుగురూ నవ్వుతూ పోజులిస్తారు. ఈయన ముందుకు వచ్చేవాళ్ళు చొక్కా విప్పి, వీపు తిప్పి, "ఇంకా ఎంతసేపండీ?" అని విసుక్కునేవాళ్ళే. పంతొమ్మిదేళ్ళలో తీసిన వేల ఫోటోల్లో ఒక్క మొహం లేదు. అన్నీ పుట్టుమచ్చలు, పులిపిర్లు, కంతులు. "నా కెమెరాకి మనుషులు తెలీదమ్మా, మచ్చలే తెలుసు" అని నర్సుల దగ్గర తన మీద తనే జోకు వేసుకునేవాడు.

మెట్ల కింద గది ఆయనది. గోడకి నీలం గుడ్డ, రెండు దీపాలు, తిరిగే స్టూలు, చర్మానికి ఆనించి చూసే లైటున్న భూతద్దం. సొరుగులో కాగితపు స్కేళ్ళు. వేలెడు పొడవు, మిల్లీమీటర్ల గీతలు, వెనక జిగురు. డాక్టరు ఏ మచ్చనైనా చూసి "ఇది అనుమానంగా ఉంది, కోసి పరీక్షకి పంపాలి" అంటే, బాబాయ్ దాని పక్కన స్కేలు అంటించి ఫోటో తీసేవాడు. కోసేముందు కొలత రికార్డులో ఉండాలి కదా! ఏం ఫర్వాలేదన్న మచ్చకి స్కేలు లేదు. అలా చెయ్యమని ఎవరూ రాసి పెట్టలేదు. ఆయనకి ముందున్న ఫోటోగ్రాఫరు అలా చేశాడు, ఈయనా అలాగే చేశాడు. పైగా డబ్బా తొందరగా ఖాళీ అయితే స్టోరు గుమాస్తా సణుగుడు ఒకటి.

నాలుగేళ్ళ క్రితం ఆ విభాగానికి ఒక పరిశోధన డాక్టరమ్మ వచ్చింది. చిన్నపిల్లే, కానీ చదువు చాలా పెద్దది. ఆమె పట్టుదలంతా మెలనోమా మీద. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సరు అది. మొదట్లో మామూలు పుట్టుమచ్చలాగే అమాయకంగా కనిపిస్తుంది, దాని మాయంతా అక్కడే ఉంది. తొందరగా పట్టుకుంటే చిన్న ముక్క కోసేస్తే తీరిపోతుంది. ఆలస్యమైతే ఒళ్ళంతా పాకుతుంది. ఏది చెడ్డ మచ్చో ఏది మంచి మచ్చో ఫోటో చూసి చెప్పడం కంప్యూటరుకి నేర్పాలని ఆమె ప్రయత్నం. నేర్పడానికి ఫోటోలు కావాలి. పదకొండు వేల ఫోటోలు, డాక్టర్ల నిర్ణయాలు, పరీక్షల ఫలితాలతో సహా, బాబాయ్ బీరువాలో వరసగా ఉన్నాయి.

"బాబాయ్, మీరు లేకపోతే నా పరిశోధనే లేదు" అంది ఆమె. అంతే, బాబాయ్ కాళ్ళు నేల మీద నిలవలేదు. అన్నేళ్ళుగా "ఫోటో తీయించుకుని రండి" అని చీటీ రాసి పంపడమే తప్ప, ఆయన పని గురించి ఒక్క మంచి మాట అన్నవాళ్ళు లేరాయె.

కంప్యూటరు నేర్చుకుంది. కొత్త ఫోటోలు వంద ఇస్తే తొంభై నాలుగు సరిగ్గా చెప్పింది. అవే ఫోటోలు చూసి పెద్ద డాక్టరు చెప్పినవి ఎనభై ఎనిమిది. పెద్ద డాక్టరు రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు. నర్సులు ఆ ప్రోగ్రాముకి 'కొత్త డాక్టరు' అని పేరు పెట్టారు. సెలవడగడు, టీ అడగడు, కసురుకోడు! "ఇది పరిశోధన కోసమే, వైద్యానికి వాడకూడదు" అని డాక్టరమ్మ తెర మీద ఎర్ర అక్షరాలతో రాయించింది. రోజూ చూసి చూసి, బాబాయ్ కళ్ళకి ఆ అక్షరాలు ఆనడం మానేశాయి.

బాబాయ్‌కి ఒక అక్క. దర్జీ పని. ఆయనకి తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోతే, పదిహేనేళ్ళ ఆ అక్కే బడి మానేసి, కుట్టుమిషను తొక్కి ఆయన్ని పెంచింది. యాభై ఎనిమిదేళ్ళు వచ్చినా ఇంకా తొక్కుతూనే ఉంది. మోటారు పెట్టించుకోమంటే "నా కాలికి బుద్ధి ఉందిరా, ఎక్కడ ఆగాలో దానికి తెలుసు. మోటారుకేం తెలుస్తుంది?" అనేది. ఒక ఆదివారం ఆ కాలే చూపించింది. మడమ దగ్గర, అరికాలిలో, చింతగింజంత నల్లమచ్చ.

"మిషను నూనె మరకేమో అనుకుని రుద్దీ రుద్దీ చచ్చాన్రా. పోవట్లేదు. నువ్వు రోజూ ఇవే కదా చూసేది, ఓసారి చూడు."

మర్నాడు మధ్యాహ్నం, ఓపీ అయిపోయాక రమ్మన్నాడు. ఆవిడ స్టూలు మీద కూర్చుని, "జాకెట్లు నాలుగు ఇవ్వాలి, తొందరగా కానీ" అంటూ కాలు చాపింది. బాబాయ్ భూతద్దం ఆనించాడు. అంచు ఒకవైపు తిన్నగా లేదు. నలుపు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంది. పైగా అరికాలి గీతల వెంట పక్కకి పాకుతున్నట్టుంది. ఆయన గుండెల్లో ఏదో కలుక్కుమంది. చెయ్యి సొరుగు దాకా వెళ్ళింది, స్కేలు పట్టుకుంది, మళ్ళీ వదిలేసింది. ఇన్నేళ్ళూ ఆయన స్కేలు అంటించింది కత్తి కిందకి వెళ్ళేవాళ్ళకే. అక్క కాలికి అది అంటించడానికి చెయ్యి రాలేదు. చూడండి మనిషి బుద్ధి! కాగితం ముక్క అంటించకపోతే జబ్బు రాదన్నట్టు.

స్కేలు లేకుండానే ఫోటో తీసి కొత్త డాక్టరుకి ఇచ్చాడు. తెర మీద వెంటనే జవాబు వచ్చింది. ప్రమాదం లేని మచ్చ, తొంభై ఆరు శాతం నమ్మకం.

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "ఏం లేదక్కా, వట్టి మచ్చే."

"డాక్టరుకి చూపించక్కర్లేదంటావా?"

"పెద్ద డాక్టరు కంటే ఇదే బాగా చెబుతుంది. నువ్వెళ్ళి జాకెట్లు కుట్టుకో."

ఆవిడ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. కలుక్కుమన్న సంగతి బాబాయ్ ఎవరికీ చెప్పలేదు. తొంభై ఆరు శాతం ముందు ఒక ఫోటోగ్రాఫరు భయం ఎంతని?

ఏడు నెలలు గడిచాయి. ఒకరోజు డాక్టరమ్మ ఫోటో గదికి వచ్చింది. కంప్యూటరు ఎందుకలా చెబుతోందో ఎంత తవ్వినా ఆమెకి అంతు చిక్కడం లేదట. తన మోచేతి మీద పుట్టినప్పటి నుంచి ఉన్న చిన్న మచ్చని ఫోటో తీయమంది. ప్రమాదం లేదని వచ్చింది. "ఇప్పుడు స్కేలు పెట్టి తీయండి బాబాయ్" అంది. తీశాడు. మెలనోమా అని వచ్చింది. స్కేలు తీసేస్తే ఏం లేదంది. పెడితే మళ్ళీ మెలనోమా.

డాక్టరమ్మ ముందు పకపకా నవ్వింది. తర్వాత నవ్వాగిపోయి కుర్చీలో కూలబడింది. "ఇది మచ్చల్ని చూడటం లేదు బాబాయ్. స్కేలు ఉందా లేదా అని చూస్తోంది. పదకొండు వేల ఫోటోల్లో ఇది నేర్చుకుంది అదే. నాలుగేళ్ళు! పరీక్ష పెట్టిన కొత్త ఫోటోలన్నా, అవి కూడా మనం అదే పద్ధతిలో తీసినవే కదా."

ఆమె ఇంకా ఏదో అంటూనే ఉంది. బాబాయ్ కెమెరా బల్ల మీద పెట్టేసి, గది తాళం కూడా వెయ్యకుండా అక్క ఇంటికి పరిగెత్తాడు.

మచ్చ రూపాయి బిళ్ళంత అయింది. మధ్యలో చిట్లి చెమ్మగా ఉంది. "మిషను తొక్కితే ఒరుసుకుంది, అంతే" అని ఆవిడ కట్టు కట్టుకుని తిరుగుతోంది. "నువ్వు ఏం లేదన్నావు కదా" అంది, ఏ దెప్పుడూ లేకుండా. ఆ మాట ఆయనకి చెప్పుతో కొట్టినట్టు తగిలింది.

కోసి పరీక్షకి పంపారు. మెలనోమాయే. గజ్జల్లో బిళ్ళలకి కూడా పాకింది. మడమ సగం తీసేశారు, బిళ్ళలు తీసేశారు. పెద్ద డాక్టరు ఫైలు తిరగేస్తూ, "ఏడెనిమిది నెలల ముందు తీసుకొచ్చి ఉంటే చిన్న ముక్కతో పోయేదయ్యా. నువ్వు ఇక్కడే పని చేస్తూ కూడా..." అని, బాబాయ్ మొహం చూసి ఆపేశాడు. నాలుగు నెలలకి ఊపిరితిత్తుల్లో కూడా కనిపించింది. మందులు వాడదాం, చూద్దాం అన్నారు. ఆ "చూద్దాం" అంటే ఏమిటో పంతొమ్మిదేళ్ళు ఆసుపత్రిలో ఉన్నవాడికి ఒకరు విడమర్చి చెప్పాలా?

డాక్టరమ్మ మాత్రం పని వదల్లేదు. ప్రతి మచ్చకీ స్కేలుతో ఒకటి, స్కేలు లేకుండా ఒకటి తీయమంది. పాత ఫోటోల్లో స్కేలు ఉన్న మేర కత్తిరించి, కంప్యూటరుకి మొదటి నుంచీ మళ్ళీ నేర్పింది. ఈసారి లెక్క ఎనభై ఒకటి దగ్గరే ఆగింది. "తక్కువే, కానీ నిజం" అందామె. జరిగిన పొరపాటు మిగతా పరిశోధకులకి తెలియాలని వ్యాసం రాసి, చివర కృతజ్ఞతల్లో ఫోటోగ్రాఫరు గారని ఆయన్నీ తలుచుకుంది. ఆయన ఆ కాగితం చదివి, "నన్ను తీసేయండమ్మా" అన్నాడు. ఎందుకని ఆమె అడిగేలోగా బయటికి వచ్చేశాడు.

ఆ సాయంత్రమే అక్క దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కాళ్ళు చాపుకుని మంచం మీద కూర్చుని, చిన్నపిల్ల గౌనుకి వేలాడుతున్న దారాలు కత్తిరిస్తోంది. తొక్కడం పోయింది గానీ చేతి పని ఇంకా వదల్లేదు. బాబాయ్ కింద కూర్చుని మొత్తం కక్కేశాడు. స్కేళ్ళ అలవాటు, కంప్యూటరు నేర్చుకున్న తప్పు, ఆ రోజు సొరుగు దాకా వెళ్ళి వెనక్కొచ్చిన చెయ్యి.

"నేను స్కేలు పెట్టి ఉంటే అది ఆ రోజే చెప్పేసేదక్కా. నేనే పెట్టలేదు."

"ఆపరా నీ స్కేలు గోల" అంది ఆవిడ. "నేను ఆ కంప్యూటరు మిషనుకి చూపించడానికి వచ్చానా? నా తమ్ముడికి చూపించుకోడానికి వచ్చాను. ఇన్నేళ్ళుగా అవే చూస్తున్నావు. నీ కళ్ళకి ఏమనిపించింది? అది చెప్పు."

ఏమీ అనిపించలేదని ఒక అబద్ధం ఆడేస్తే సరిపోయేది. ఆడలేకపోయాడు.

"భయమేసిందక్కా."

"ఆ రోజే?"

"ఆ రోజే."

కత్తెర ఆగింది. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండునని ఆయన కాచుకుని కూర్చున్నాడు.

"ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే చాలు కదరా" అంది మెల్లగా. "అక్కా, నాకు భయంగా ఉంది, పద డాక్టరు దగ్గరికి అంటే, నేను రానన్నానా?"

రాననేది కాదు. జాకెట్లు పక్కన పడేసి వచ్చేది. అది ఇద్దరికీ తెలుసు.