తోక సైంటిస్టు

మా బావకి పేరొకటి ఉంది గానీ, దాని వెనక తోక తగిలించకుండా ఆయన ఎవరికీ చెప్పడు. అక్కతో పెళ్ళయిన కొత్తలోనే తెల్లకోటు ఒకటి తెచ్చి నాన్న కుట్టుమిషను మీద పరిచాడు. దర్జీ మామగారు జేబు మీద ఎర్రదారంతో అల్లుడి పేరు కుట్టగానే, "పక్కన సైంటిస్టు అని కూడా పడితే నిండుగా ఉంటుంది మామయ్యగారూ" అన్నాడు. నాన్న మురిసిపోయి కుట్టేశాడు. కాలేజీ గోడ దూకి మళ్ళీ అటువైపు చూడని నాకే సిగ్గేసింది.

ల్యాబులో ఆయన చేసే పని నేను అరగంటలో నేర్చేసుకున్నాను. ఇంకో అరగంట ఇస్తే ఆయనకే నేర్పేవాణ్ణి. మన కాలేయంలో ఒక ప్రోటీన్ తయారవుతుంది. ఒంట్లో కొవ్వునీ చక్కెరనీ ఎలా ఖర్చు పెట్టాలో చెప్పే పెత్తందారు అది. దాని జన్యువుని బాక్టీరియాలో పెడితే, ఆ పిచ్చి జీవులు అదేదో తమ సొంత సరుకనుకుని చేసిపెడతాయి. తర్వాత వాటిని చితక్కొట్టి, ఆ రసాన్ని నికెల్ పూసలున్న గొట్టంలో పోస్తారు. ప్రోటీన్‌కి ముందే ఒక తోక తగిలించి ఉంటారు కాబట్టి పూసలు ఆ తోక పట్టుకుని దాన్ని ఆపేస్తాయి. మిగతా చెత్త చాలావరకు కొట్టుకుపోతుంది. ఆనక తోక కోసేసి, చిన్న సీసాల్లో పోసి గడ్డకట్టిస్తారు. షుగరు మీదా ఊబకాయం మీదా పరిశోధన చేసేవాళ్ళు వాటిని కణాల మీదా ఎలుకల మీదా పరీక్షిస్తారు. సీసా మీద 'పరిశోధనకు మాత్రమే' అని రాసే ఉంటుంది. రోజూ ప్రోటీన్ తోకలు కోసే మనిషి తన తోక మాత్రం పెంచుకుంటూ పోయాడు.

"బస్తాల్లా ఉండే ఎలుకలు మామయ్యగారూ! నా ప్రోటీన్ పడేసరికి పుల్లల్లా అయిపోయాయి" అనేవాడు, మళ్ళీ వడ్డించుకుంటూ. ఆయన చెప్పే తీరుకి, సీసా మూత తీసిన గాలికే మా వీధిలో గేదెలన్నీ జింకలైపోవాలి. ఆ గాలి ఆయన పొట్టకెందుకు సోకలేదో అడిగితే అక్క నన్ను కసిరేది.

నాన్నకి ఏళ్ళ తరబడి షుగరు. ఈ మధ్య సూదిలోకి దారం ఎక్కించలేక విసుక్కుంటున్నాడు. ఒకరోజు అక్క గుండీ కోసం గుండీల డబ్బా కుమ్మరిస్తే, అడుగున మాత్రల అట్టలు బయటపడ్డాయి.

"ఇవేంటి నాన్నా?"

"అవింకెందుకే? అల్లుడుగారి మందు వస్తోందిగా. పాతది ఒంట్లో ఉంటే కొత్తది పట్టదేమోనని ఆపేశా."

"ఎప్పట్నుంచి?"

"కాళ్ళ తిమ్మిర్లు మొదలవ్వకముందే."

మాత్రలు మానొద్దని డాక్టరు చెప్పినా వినలేదు. డాక్టరు కంటే సైంటిస్టు పెద్దట! అక్క బావని వంటింట్లోకి లాక్కుపోయింది. "ఆయన కళ్ళు పోతే నీదే పాపం. నువ్వే చెప్పు, నువ్వు చెప్తేనే వింటాడు."

మందేమీ రావట్లేదని చెప్పాలంటే తోక రాలిపోతుంది. బావ మెల్లగా నన్ను పెరట్లోకి తీసుకెళ్ళాడు. "ఒరేయ్, సీసాలో ఉప్పునీళ్ళు పోసిస్తా. మాత్రలతో కలిపి తాగితేనే పనిచేస్తుందని చెప్తా. ఆయనకీ మంచిది, నాకూ మంచిది."

"భలే బావా! ఇన్నాళ్ళకి ఏదో కనిపెట్టావు" అన్నాను.

మర్నాడు సాయంత్రం కోటు తొడుక్కుని, ఐసు పెట్టె పట్టుకుని పెళ్ళికొడుకులా కుట్టు దుకాణానికొచ్చాడు. నాన్న అప్పటికే చొక్కా చెయ్యి మడిచి, సిరంజి తెప్పించుకుని కూర్చున్నాడు.

"సిరంజి ఎందుకు మామయ్యగారూ? ఇది తాగాలి."

"ప్రోటీన్ కడుపులోకి పోతే అరిగిపోతుందని చెప్పింది మీరేగా అల్లుడుగారూ! సూదితో బతికినవాణ్ణి, సూదికి భయపడతానా? ఇది పొడుచుకున్నానంటే ఇక ఆ మాత్రలు చెత్తబుట్టలోకే."

నాన్న సీసా అందుకున్నాడు. బావ దాన్ని గభాలున లాక్కున్నాడు.

"ఇది ఉప్పునీళ్ళు మామయ్యగారూ."

"అయితే అసలుది తెండి."

"అసలుది కూడా మందు కాదండీ. బాక్టీరియా చెత్త ఏ కాస్త మిగిలున్నా మనిషికి పడదు, మంచం పట్టిస్తుంది. అది పరీక్షలకే."

"మరి ఎలుకలు చిక్కాయన్నారు?"

"విన్నాను. నేను చూడలేదు. నాకు ఎలుకలంటే భయం."

జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చినావిడ మొహం అటు తిప్పుకుంది. భుజాలు మాత్రం ఎగురుతున్నాయి.

"మరి మీరు చేసేదేంటి?"

"గొట్టం దగ్గర నిలబడి తోక పట్టుకుంటానండీ."

కత్తెర ఎగిరొస్తుందని నేను ఒక అడుగు పక్కకి జరిగాను. నాన్న మాత్రం చేత్తో తడుముకుంటూ గుండీల డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. మాత్ర ఒకటి చింపి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగాడు. తర్వాత కుట్లు విప్పే బ్లేడు బావ ముందుకు తోశాడు.

"కోటు తియ్యి."

అల్లుడుగారు పోయి 'నువ్వు' వచ్చింది. బావ కోటు జేబుని చేత్తో కప్పుకున్నాడు. "పేరు ఉంచండి మామయ్యగారూ."

"పేరు నీదే, ఉంటుంది. వెనకది విప్పు. నాకు కళ్ళు ఆనట్లేదు, నువ్వే విప్పుకో. రేపు డాక్టరు దగ్గరికి నన్ను తీసుకెళ్ళేదీ నువ్వే."

బావ తల వంచుకుని ఒక్కో కుట్టూ విప్పాడు. ఎర్రపోగులు ఆయన పొట్ట మీద రాలుతున్నాయి. నాన్న వంగి, కళ్ళు చికిలించి చూశాడు.

"నిదానం. గుడ్డ చిరుగుతుంది."