టీచరమ్మ కూర్చున్న వైపు

మా మృదంగం టీచరమ్మ కన్నుమూశారు. వార్త నాకు చేరేసరికి దహనం కూడా అయిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే ఆమెకు ఒళ్ళు మండేది.

మీలో చాలామంది ఆమెను విని ఉండరు. లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో, వర్క్‌షాపు చప్పుళ్ళ మధ్య మాకు పాఠం చెప్పేవారు. ఆమెది మెత్తని చెయ్యి కాదు, మెత్తని నోరూ కాదు. లెక్క తప్పితే తొడ మీద ఫెడేలుమని పడేది. "దాన్ని బుజ్జగిస్తే పలకదే. కొట్టు. తోలది, నీ మీద జాలి లేదు దానికి" అనేవారు. పాఠమయ్యాక వాచిన వేళ్ళకు తానే వేడి ఆముదం రాసేవారు, తిడుతూనే. ఆడపిల్ల గొంతు గుమ్మం దాటకూడదని నమ్మిన ఇంటి నుంచి వచ్చినదాన్ని నేను. కాలేజీ చదువు నాకు ఉద్యోగం ఇచ్చింది. ఎవరి ముందూ తల వంచని వెన్ను మాత్రం ఆ దెబ్బలే ఇచ్చాయి.

ఆమె అన్నగారూ మృదంగ విద్వాంసుడే. ఒక గాయకుడు ఆయనను కాదని చెల్లెలిని కచేరీకి పిలిచాడు. ఆ సాయంత్రం పాఠానికి వెళ్ళి, గుమ్మంలో చెప్పులు విడుస్తున్నాను. టీచరమ్మ కుడిచెయ్యి మృదంగం మీద ఆన్చి కూర్చుని ఉన్నారు. ఆయన విసురుగా వచ్చి, పక్కనున్న శ్రుతి చేసే రాయి తీసుకొని ఆ చేతి మీద దించాడు. ఒకసారి కాదు. ఎముకలు నలిగిన చప్పుడు నేను విన్నాను.

"ఇగ వాయించు" అన్నాడు.

టీచరమ్మ ఎడమచేత్తో ఆయన చొక్కా పట్టి దగ్గరకు లాగి, నుదుటితో ఆయన ముఖం పగలగొట్టారు. ఆయన ముక్కు నుంచి కారిన నెత్తురు మృదంగం మీద పడింది. "తుడువే, మరక పడ్తది" అన్నారు నాతో.

కట్టు విప్పాక కుడిచేతి వేళ్ళు వంగలేదు. ఆమె మృదంగాన్నే తిప్పేశారు. నల్లమచ్చ ఉన్న మూతకు ఎడమచేతి వేళ్ళు, రవ్వముద్ద అంటించే మూతకు ఆ మొద్దుబారిన కుడి అరచెయ్యి. "చెయ్యి పోయింది గాని లెక్క పోలే" అన్నారు.

నల్లమచ్చ మూత ఎప్పుడూ సభ వైపే ఉండాలి కనుక, అలా వాయించాలంటే వేదిక మీద చోటు కూడా మారాలి. మామూలుగా గాయకుడికి కుడివైపు మృదంగం, ఎడమవైపు వయొలిన్. ఈమె ఎడమవైపు కూర్చుంటే వయొలిన్ విద్వాంసులు లేచి వెళ్ళిపోయేవారు. సికింద్రాబాద్ కార్ఖానా పేటలో ఒకసారి కచేరీకి వెళితే ఎవరో ఆమె మృదంగాన్ని వేదిక మెట్ల మీద నుంచి దొర్లించారు. టీచరమ్మ కిందికి వెళ్ళి, ఎత్తుకొచ్చి, మళ్ళీ అక్కడే కూర్చున్నారు. ఆ ఎడమవైపు చోటు ఆమెకు ఎవరూ ఇచ్చినది కాదు.

మొన్న సికింద్రాబాద్‌లో ఆమె సంస్మరణ కచేరీ జరిగింది. ఏర్పాటు చేసింది మేనల్లుడు, అంటే ఆ అన్నగారి కొడుకే. తండ్రి పోయాక అతనికి విద్య నేర్పింది టీచరమ్మే. ఆ కచేరీలో మృదంగం వాయించేదీ అతనే.

వేదిక వెనక ఫ్లెక్సీ మీద టీచరమ్మ ఫోటో చూసి నిలబడిపోయాను. పైట కుడి భుజం మీద ఉంది. బొమ్మను అద్దంలోలాగా తిప్పేశారు. అందులో ఆమె అందరిలాగే కుడివైపు కూర్చొని, ఏనాడూ విరగని కుడిచేత్తో వాయిస్తున్నారు.

నేను వేదిక ఎక్కి మేనల్లుడి దగ్గరికి వెళ్ళాను.

"ఫోటో తిప్పమన్నదెవరు?"

"నేనే అమ్మా. జెర కూసోండ్రి, షురూ చేస్తున్నం."

"ఎందుకు తిప్పావు?"

అతను గొంతు తగ్గించాడు. "ఎడమచెయ్యి ఎందుకని అందరు అడుగుతరు. నాయన పేరొస్తది. ఇద్దరూ పోయిన్రు గదా, ఇంకెందుకు లొల్లి?"

"ఆయన చేసిన పనికి ఈమె బొమ్మ మారుస్తావా? దింపు."

"మీరే దిగుండ్రి" అంటూ నా మణికట్టు పట్టుకున్నాడు.

చెంప మీద కొట్టాను. మైకు ఆన్‌లో ఉంది. ఆ దెబ్బ హాలంతా మోగింది. ఫ్లెక్సీ తాడు పట్టి గుంజాను. చట్రంతో సహా అది విరుచుకుపడి ఇంకా వెలిగించని దీపపు సెమ్మెను పడదోసింది. "ముసలామెకు పిచ్చి లేసింది, బయటికి తీస్కపోండ్రి!" అని ముందువరుసలో ఎవరో అరిచారు.

మైకు అందుకున్నాను. "ఈమె కుడిచెయ్యి చితక్కొట్టింది సొంత అన్న. నేను చూశాను. ఆ తరువాత జీవితమంతా ఈమె ఎడమచేత్తో వాయించింది. అదిగో, ఆ వైపు కూర్చొని వాయించింది." చెప్పి, నా కుర్చీకి నేనే వచ్చాను.

అప్పటికే ఎడమవైపు సర్దుకొని కూర్చున్న వయొలిన్ విద్వాంసురాలు, నడివయసు మనిషి, లేచింది. వాద్యం ఎత్తుకొని కుడివైపుకు వెళ్ళి మేనల్లుడి పక్కనే ఇరుకులో కూర్చుంది.

"మేడమ్, మీ జాగ అది" అన్నాడతను.

"ఇయ్యాల కాదు" అంది.

కచేరీ మొదలైంది. కుడివైపు కూర్చున్న మృదంగం మనిషి ముఖం ఎప్పుడూ అవతలి ఎడమవైపుకే తిరిగి ఉంటుంది. మృదంగం ఒక్కటే మోగే ఘట్టం వచ్చింది. అతని చెంప మీద నా వేళ్ళ గుర్తులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఎదురుగా వయొలిన్ కోసం పెట్టిన దీపాల వెలుతురంతా ఖాళీ తివాచీ మీద పడుతోంది. కాసేపు తల దించుకొని వాయించాడు. తరువాత తల ఎత్తి, చూపు మరల్చకుండా ఆ వెలుతురు కేసే వాయించాడు, మృదంగం పగులుతుందేమో అన్నంత గట్టిగా.