పొగ రాని కుంపటి

నా చిన్నప్పుడు, ఇంకా తెల్లదొరల ఏలుబడి ఉన్న రోజుల్లో, మా ఇంట్లో మగ్గం ఆడని పగలు ఉండేది కాదు. మాది కోసిగి పక్క పల్లె. వానకు మొహం వాచిన ఆ నేల మీద ఒక ఏడు మాత్రం వారం రోజులు ముసురు విడవలేదు. ఊరంతా సంతోషించింది, ఒక్క మా నాయన తప్ప. గంజి పెట్టిన పడుగు ఆరక, పోగులు పటుక్కున తెగిపోతున్నాయి. ఆ వారంలోనే ఒక పెండ్లి చీర నేసి ఇవ్వాలి.

మగ్గం గదిని వెచ్చజేయాలి. దేనితో? పిడకలైతే పొగకంపు గుడ్డకు పడుతుంది. కందికట్టె అయితే రవ్వలు లేచి నూలు మీద పడతాయి. తెల్లటి నూలుతో బతికేవాళ్లం, మాకు పొగను మించిన శత్రువు లేదు. అందుకే మా నాయన తుమ్మబొగ్గుల కుంపటిని ఎంచుకున్నాడు. పొగ లేదు, రవ్వ లేదు. వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయాడు. చెమ్మగాలి రాకుండా కిటికీలో ఒక గోనెపట్ట, తలుపు కింద ఇంకొకటి కుక్కాడు.

మా అవ్వకు, అంటే మా నాయన తల్లికి, కండ్లు కనపడవు. బయట పంచలో కూచుని మగ్గం చప్పుడు వినడమే ఆమె కాలక్షేపం. పోగు తెగినప్పుడల్లా మా నాయన "దీని పాడెగట్ట!" అని తిట్టేవాడు. "తిడితే అతుక్కుంటాదా అప్పా?" అని అవ్వ బయటినుంచి ఎగతాళి చేసేది. రోజుకు పదిసార్లు జరిగే ముచ్చట అది.

ఆ పగలు నేను గదిలో గోడకానుకుని కండెలకు నూలు చుడుతున్నాను. మొదట వెచ్చగా, హాయిగా ఉంది. తర్వాత నుదురు పోటు మొదలైంది. ఆకలేమో అనుకున్నాను. బుడ్డిదీపం నిబ్బరంగా వెలుగుతోంది. పొగ పోచ కూడా లేదు. భయపడడానికి కంటికి ఏమీ కనపడలేదు.

మగ్గం చప్పుడు నెమ్మదించి, ఆగింది. చూస్తే మా నాయన గడ్డం ఎదమీదికి వాలి ఉంది. కాళ్లు మగ్గం గుంటలో అట్లాగే ఉన్నాయి. అడ్డపోగును అటూ ఇటూ నడిపే నాడె చేతిలోనుంచి జారి పడింది. లేద్దామని గోడ పట్టుకున్నాను, లేవలేకపోయాను. "నాయనా" అని పిలిచాననుకున్నాను గానీ నాలుక కదల్లేదు.

"ఏమప్పా, పోగు తెగినాదా?" బయటినుంచి అవ్వ గొంతు.

మగ్గం చప్పుడు మళ్లీ మొదలు కాలేదు.

"తెగింటే తిట్టల్ల గదరా! తిట్టు యాడ పోయింది?"

తర్వాత గోడను తడుముకుంటూ వచ్చే ఆమె అరచేతుల చప్పుడు. తలుపు నెట్టింది. కింది గోనెపట్ట అడ్డం పడి అది కదల్లేదు. ఆమె వెనక్కి పోతుందేమో, మేమిద్దరం ఇట్లాగే ఉండిపోతామేమో అన్న ఆ క్షణపు భయం లాంటిది నా బతుకులో మళ్లీ ఎరగను. ఆమె పోలేదు. భుజంతో గుద్దింది, మళ్లీ గుద్దింది. చల్లగాలి నా మొహానికి తగిలింది. చేతికందిన నా జడ పట్టుకుని బయటికి ఈడ్చి, "నా కొడుకును గుంటలోనుంచి లాగండప్పా!" అని వీధి అదిరేలా అరిచింది.

పక్కింటివాళ్లు ఆయన్ని మోసుకొచ్చి పంచలో పడుకోబెట్టారు. జల్లు మొహాన కొడుతున్నా రెప్ప కదల్లేదు. అంగడికి పోయిన మా అమ్మ పరిగెత్తుకొచ్చి అరికాళ్లు రుద్దుతోంది. అవ్వ ఆయన నోటి దగ్గర చెవి పెట్టి, మగ్గం విన్నట్టే వింటూ కూచుంది. ఎంతసేపో చెప్పలేను. చివరికి ఆయన దగ్గి, కక్కుకుని, కండ్లు తెరవకుండానే "దీని పాడెగట్ట" అని గొణిగాడు.

"తిట్టినాడు! బతికినాడప్పా నా కొడుకు!" అని అవ్వ ఏడుస్తూనే నవ్వింది.

మర్నాడు ఆ రెండు గోనెపట్టలను ఆమే పొయ్యిలో పెట్టింది. "పొగ గయ్యాళిది. కండ్లు మండిచ్చి మనతోనే తలుపు తీయిస్తాది. ఈ బొగ్గులుండాయే, శానా మర్యాదగా వచ్చి కూచుని పానం తీసకపోతాయి" అంది. ఆ తర్వాత కుంపటి గడప దాటి లోపలికి రాలేదు. చీర ఆలస్యమై పెండ్లివాళ్లు నాలుగు మాటలన్నారు. పడ్డాం.

నేను బడికి పోయింది మూడేండ్లే. మిగతా చదువంతా గ్రంథాలయం బల్ల ముందు నాకు నేనే నేర్చుకున్నాను, ఆ గర్వం నాకుంది. మూసిన గదిలో బొగ్గు కాలితే రంగూ వాసనా లేని విషవాయువు పుడుతుందని, దీపం ఆరకముందే మనిషి ఆరిపోవచ్చని అక్కడే ఒక విజ్ఞానశాస్త్ర పుస్తకంలో చదివాను. అక్షరం రాని మా అవ్వ దాన్ని ఒక తిట్టు వినపడకపోవడంతో కనిపెట్టింది.

మొన్న చలి ఊళ్లో కాపురముంటున్న మనవరాలు ఫోను చేసింది. ఇంట్లో కుట్టుపని గదికి గ్యాసు హీటరు కొంటుందట. "ఇన్ని పుస్తకాలు చదివినావు, ఏది మంచిదో చెప్పవ్వా" అంది. "ముందు ఆ గదికి కిటికీ యాడుండాదో చెప్పు" అన్నాను. నవ్వింది గానీ, చెప్పింది. హీటరు పెట్టినా జానెడు కిటికీ తెరిచే ఉంచుతానని ఒట్టు వేయించుకున్నాను.

ఇప్పుడు మనవరాలితో మాట్లాడుతున్నప్పుడు వెనక కుట్టుమిషను చప్పుడు వినపడుతూ ఉంటుంది. ఆ చప్పుడు ఆగితే నేను మాట మధ్యలోనే ఆపేస్తాను. దారం తెగిందనో, సూది విరిగిందనో మనవరాలు విసుక్కున్నాక గానీ నాకు ఊపిరి ఆడదు.