దానిమ్మ తొక్కల నీళ్లు

గోదావరిఖనిలో మొదటి షిఫ్టు దిగినవాళ్లు ఇంటికి పోయే దారిలో అలీముద్దీన్ జ్యూస్ బండి ఉంటుంది. తండ్రి బొగ్గుబావిలో పనిచేసి దగ్గుతో పోయాడు. అందుకేనేమో, గ్లాసులో చిన్న నలుసు కనిపించినా అలీముద్దీన్ పారబోసి మళ్లీ తీస్తాడు.

కాలేజీలో పరిశోధన చేసే యమున వచ్చి దానిమ్మ తొక్కలు కావాలంది. అతను ముందు ఆమె సంచిలోకి చూశాడు.

"తొక్కలెందుకు బిడ్డా? మేకలున్నయా?"

"లేవు చాచా. పరీక్షకు."

ఆ మాట అతనికి నచ్చలేదు. పోయిన నెల ఒకాయన ఇలాగే తియ్యగా మాట్లాడి పక్క వీధి అబూబకర్ బండి నుంచి సీసాలో జ్యూస్ పట్టుకెళ్లాడు. ఆయన తిండి తనిఖీ ఆఫీసు మనిషట; వారంలో ఆ బండి మూతపడింది.

"రేపు రా," అన్నాడు.

ఇవ్వనని చెప్పేయక రమ్మనడమెందుకని ఆ రాత్రి ఇంట్లో భార్య నుస్రత్ బేగం దక్కనీ ఉర్దూలో కసిరింది. ఇవ్వకపోతే ఏదో దాచాడంటారని అతని భయం. ఇస్తే, తొక్క మీద బొగ్గు మసి దొరికితే, బండి పోతుంది. ఇంట్లో బొగ్గుల పొయ్యి మీద నీళ్లు ఎప్పుడూ మరుగుతూనే ఉంటాయి. తొక్కల్ని ముక్కలు చేసి ఆ నీళ్లలో వేశాడు. నీళ్లు గోధుమరంగుకు తిరిగాయి. ఎంత మసి! పారబోశాడు. నీళ్లు తేటపడేదాకా నాలుగుసార్లు మరిగించి, గుడ్డ కప్పి ఆరబెట్టి, మర్నాడు యమునకు ఇచ్చాడు.

వారానికి యమున తిరిగి వచ్చింది.

"చాచా, మీ తొక్కల్ల ఏం లేదు."

"ఎట్లుంటది? నా బండి గట్లుంటది!"

"గట్ల కాదు. ఉండాలె. వేరే బండ్ల తొక్కల్ల వచ్చింది. మీరేమన్న చేసిండ్రా?"

"ముందు నువ్వెవరో చెప్పు. ఆఫీసోళ్లు పంపిండ్రా?"

యమున నవ్వి తన నోటుబుక్కు తెరిచింది. తొక్కలోని యాంటీఆక్సిడెంట్లు కలిపితే నూనె తొందరగా చెడదట. వాటిని తీయడానికి చాలామంది రసాయనాలు వాడతారు. ఆమె వాడేది ఉత్త వేడినీళ్లే.

అలీముద్దీన్ గ్లాసు తుడవడం ఆపాడు.

"నీళ్లు ఏ రంగుకొస్తయి?"

"చాయ్ డికాక్షన్ లెక్క."

తాను పారబోసిన నీళ్లదీ అదే రంగు. ఓ దానిమ్మకాయ తీసి కోశాడు.

"పోయినసారి నాలుగుసార్లు ఉడకబెట్టిన. గిది కడగలే. మసి దొరికితే?"

"మసి వడగట్టి పారేస్త చాచా. నాకు దానితోని పనిలేదు."

తొక్క సగం ఆమె సంచిలో వేశాడు. మిగతా సగం తన డబ్బాలో వేసి మూత బిగించాడు.

"అదెందుకు?" అంది యమున.

"రేపు మాట మారితే, నా దగ్గర గూడ సాక్ష్యం ఉండాలె కద."