చేతిలో డబ్బు నిలవని మనిషితో

పాప ఆయాసానికి ఇంట్లో ఒక నెబ్యులైజర్ పెట్టుకోమని పిల్లల డాక్టరు గారు చెప్పారు. అది తెస్తానని గుడివాడ వెళ్ళిన మా ఆయన, బైకు వెనక ప్రెషర్ వాషర్ కట్టుకుని వచ్చారు. ఏదో తేడాగా ఉందని నాకు మొదటిసారి అనిపించింది ఆ వారమే.

మాది బంటుమిల్లి. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. మా ఆయన రాంబాబు రొయ్యల చెరువుల మీద, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్ల మోటార్లు బాగుచేస్తారు. పనిమంతుడు. తాగుడు లేదు, పేకాట లేదు. మా అమ్మాయి హాసిని మూడో తరగతి, దానికి ఆయాసం.

"నెబ్యులైజర్ ఏదండీ?" అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. "మర్చిపోయానే. షాపు ముందు ఇది కనపడింది. మోటార్లు కడుక్కోవచ్చు కదా అనుకున్నా. ఇంక ఆ తర్వాత బుర్రలో ఏమీ లేదు."

"డబ్బులో?"

"దీనికే అయిపోయాయి."

ఆ సాయంత్రమే పిల్లకి ఎగశ్వాస మొదలైంది. ఆటోలో హాస్పిటల్‌కి పరిగెత్తాం. పిల్ల మొహానికి మాస్కు పట్టుకుని కూర్చుని ఆయన వెక్కివెక్కి ఏడ్చారు. ఆ వారంలోనే డ్రోన్ కెమెరా ఆర్డర్ పెట్టారు.

వాషర్ కొన్నందుకు నాకు కోపం వచ్చింది. డ్రోన్ వచ్చాక మాత్రం భయమేసింది. ఎందుకంటే ఆ ఏడుపు నిజమని నాకు తెలుసు. అంతలా ఏడ్చిన మనిషి మళ్ళీ ఎలా కొంటారు? అప్పటికే మా ఇంట్లో అట్టపెట్టె కూడా విప్పని వస్తువులు మంచం కింద ఉన్నాయి. పెళ్ళైన దగ్గర్నుంచీ దాన్ని దుబారా అనే అనుకున్నాను. మా వాళ్ళూ అదే అన్నారు. "మెత్తగా ఉంటే ఇంతే, గట్టిగా అడుగు" అని మా అమ్మ సలహా. గట్టిగానే అడిగేదాన్ని. ఆయన తల వంచుకునేవారు. మళ్ళీ కొనేవారు.

దారి చూపించింది ఆ పిల్లల డాక్టరు గారే. హాసినిని చూపించడానికి వెళ్ళినప్పుడు ఈయన కుర్చీలో నిలకడగా కూర్చోలేదు. డాక్టరు గారి ప్రశ్న పూర్తికాకుండానే జవాబు చెప్పేశారు, మధ్యలో ఫోను తీసి ఏదో చూశారు. డాక్టరు గారు నా వైపు తిరిగి, "ఈయన చిన్నప్పటి నుంచీ ఇంతేనామ్మా? ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించండి" అన్నారు.

బయటికి రాగానే మా ఆయన, "నాకు పిచ్చా?" అని మండిపడ్డారు. చాలా రోజులు ఆ మాటే ఎత్తనివ్వలేదు. చివరికి, చెరువు దగ్గర విప్పిన మోటారు ఒకటి మర్చిపోయి వచ్చేసి, రైతు చేత నలుగురిలో మాటలు పడ్డాక, "సరే, ఎక్కడో చెప్పు, వెళ్దాం" అన్నారు.

బందరులో సైకియాట్రిస్టు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. చిన్నప్పుడు ఎలా ఉండేవారో తెలిసినవాళ్ళని కూడా తీసుకురమ్మన్నారు. నాగాయలంక దగ్గర నుంచి మా అత్తయ్య వచ్చింది. చేపలు అమ్మిన మనిషి, ఎవరి ముందూ తగ్గదు.

"వీడు బడికని బయల్దేరితే బడికి తప్ప అన్ని చోట్లకీ వెళ్ళేవాడమ్మా. బజారుకి పంపితే చిల్లర ఏనాడూ ఇంటికి రాలేదు. బాగా కొట్టాను" అంది. "జబ్బని తెలిస్తే కొట్టేదాన్ని కాదు" అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"అప్పట్లో ఎవరికీ తెలియదు లెండి" అన్నారు డాక్టరమ్మ.

పెద్ద ప్రశ్నల ఫారం ఒకటి నింపించారు. థైరాయిడ్ టెస్టు, ఈసీజీ, బీపీ చూశారు. రోజుల తరబడి నిద్ర లేకుండా హుషారుగా ఉండటం ఉందా అని పదేపదే అడిగారు. లేదని తేలాక, "హుషారు, దిగులు మారిమారి వచ్చే బైపోలార్ కాదు. ఇది అడల్ట్ ఏడీహెచ్‌డీ, మనసుని ఒకచోట నిలవనివ్వదు" అన్నారు.

"కొనాలనిపించడానికీ కొనేయడానికీ మధ్య మనకి కాస్త ఆలోచించుకునే టైము ఉంటుంది. ఈయనకి అది చాలా తక్కువ. టాబ్లెట్ కొంత పెంచుతుంది. మిగతాది అలవాట్లతో పెంచుకోవాలి."

మొదటి మందు పడలేదు. ఆకలి చచ్చిపోయింది, గుండె దడ. డాక్టరమ్మ దాన్ని ఆపి వేరేది మొదలుపెట్టారు. దానికి కొన్నాళ్ళు వికారం ఉండి తగ్గింది. పని మధ్యలో లేచి వెళ్ళిపోవడం తగ్గిందని ఆయనే చెప్పారు. నాకు ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతో ఒక తప్పు చేశాను.

ఆయన ఏటీఎం కార్డు నా దగ్గర పెట్టుకున్నాను. ఫోనులో పేమెంటు యాప్‌లన్నీ తీసేశాను. పొద్దున్నే పెట్రోలుకి డబ్బులిచ్చి, సాయంత్రం లెక్క అడిగేదాన్ని. ఆయన ఏమీ అనలేదు. ఒప్పుకున్నారనుకున్నాను.

చెరువుల మీద పనిచేసేవాళ్ళు టీ డబ్బులు వంతులవారీగా ఇచ్చుకుంటారు. ఈయన వంతు వచ్చిన రోజు జేబులో ఏమీ లేదు. "ఏం బావా, చెల్లెమ్మ పర్సు ఇవ్వలేదా?" అని ఒకాయన సరదాగా అన్నాడట. అందరూ నవ్వారట. ఆ రోజు నుంచి ఈయన టీ దగ్గరికి వెళ్ళడం మానేశారు. తర్వాత, నేను స్కూలుకి వెళ్ళాక, పనికి పిలిచినా వెళ్ళకుండా పడుకోవడం మొదలుపెట్టారు. టాబ్లెట్లు కూడా మానేశారు. ఇవేవీ నాకు తెలియవు. ఒకరోజు ట్రాలీ ఆటోలో పాత జనరేటరు దిగేదాకా తెలియలేదు. అప్పు చేసి కొన్నారు.

అరిచే ఓపిక లేక అరుగు మీద కూలబడ్డాను. ఆయనే వచ్చి పక్కన కూర్చున్నారు.

"మందు వేసుకుంటే పిచ్చోణ్ణని ఒప్పుకున్నట్టు ఉంటోంది. నువ్వు డబ్బులు దాస్తే దొంగనని ఒప్పుకున్నట్టు ఉంటోంది. ఇంట్లో నేనెవర్నే?"



మర్నాడు జనరేటరు వెనక్కి పంపాం. అమ్మినతను కొంత కోసుకుని తీసుకున్నాడు. మళ్ళీ బందరు వెళ్ళాం. జరిగిందంతా నేనే చెప్పాను. డాక్టరమ్మ మందలించలేదు. "మీరు మనిషికి కాపలా కాస్తున్నారమ్మా. డబ్బుకి కాపలా పెట్టండి, చాలు" అన్నారు.

అదెలా పెట్టాలో డాక్టరమ్మతో కలిసి ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. ఆయన సంపాదనంతా ఫోనుకి లింకు లేని అకౌంటులో పడుతుంది. ఇంటి ఖర్చు, పిల్ల ఫీజు, మందులు ముందు వెళ్ళిపోతాయి. వారానికింత అని ఆయన సొంత అకౌంటులోకి వస్తుంది. దానికి నేను లెక్క అడగను. అంతకు మించినది ఏదైనా నచ్చితే ఫోటో తీసి నాకు పంపి, ఇంటికి వచ్చేయాలి. ఆదివారం ఇద్దరం చూసి అనుకుంటాం. ఈ ఫోటో ఆలోచన ఆయనదే. "ఫోటో తీస్తే సగం కొన్నట్టే ఉంటుందే" అన్నారు.

మొదటి వారం ఆయన డబ్బు రెండు రోజుల్లోనే అయిపోయింది. అడిగారు. ఇవ్వలేదు. మొహం ముడుచుకున్నా, మిగతా రోజులు నెట్టుకొచ్చారు. ఫోటోలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఆదివారం వచ్చేసరికి వాటిలో చాలావాటిని ఎందుకు తీశారో ఆయనకే గుర్తుండదు.

ఏడీహెచ్‌డీ పోలేదు, పోదని డాక్టరమ్మ ముందే చెప్పారు. ఆన్‌లైన్ సేల్స్ రోజుల్లో ఆయనకి ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. పోయిన సేల్‌లో వేరేవాళ్ళ ఫోనులోంచి ఇయర్‌ఫోన్లు కొనేశారు. అయితే ఆ సాయంత్రమే తనంతట తను వచ్చి చెప్పారు. ఇదివరకు మంచం కింద దొరికితే తప్ప తెలిసేది కాదు. టాబ్లెట్ ఇప్పుడు హాసిని ఇన్‌హేలరు పక్కనే ఉంటుంది. పొద్దున్నే తండ్రీకూతుళ్ళు ఒకళ్ళకొకళ్ళు గుర్తు చేసుకుంటారు.

మీ ఇంట్లో ఇలాంటివాళ్ళుంటే డాక్టరుకి చూపించండి, అది ఎలాగూ చెప్పేదే. నేను చెప్పదలుచుకున్నది వేరు. ఎంత ఇబ్బందుల్లో ఉన్నా, వాళ్ళకంటూ కొంత డబ్బు వదలండి, అది ఏమైందని అడక్కండి. మొన్న మా ఆయన తన డబ్బుతో గాలం కొన్నారు. నాలుగు రోజులు కాలవ గట్టున కూర్చుని, దాన్ని తెచ్చి గోడకి ఆనించారు. ఎంతకి కొన్నారని నోటి దాకా వచ్చింది. అడగలేదు.

అది నేర్చుకోవడానికి ఆయనకంటే నాకే ఎక్కువ కాలం పట్టింది.