చెవులతో వండిన పీచ్ కాబ్లర్

ఆ వేసవికి వెర్లీన్ టిల్లెరీకి వాసనలు తెలియకుండా పోయి పదహారు నెలలయింది. అంతకు ముందటి ఏడు చలికాలం చివర్లో వచ్చిన జ్వరం పదిరోజుల్లో తగ్గింది గాని, పోతూ పోతూ ఆమె ముక్కుకు తెలిసిన లోకాన్నంతా మూటగట్టుకుపోయింది. కాఫీ ఉత్త వేడినీళ్ళయింది. వానకు తడిసిన ఎర్రమట్టి ఉత్త బురదయింది. నాలుకకు తీపి, పులుపు, ఉప్పు, చేదు అంతవరకే అందేవి. కళ్ళు మూసుకుని తింటే అది పీచ్ పండో ఆపిల్ పండో చెప్పలేకపోయేది.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. కళ్ళు పోతే జనం జాలిపడతారు. చెవులు పోతే గట్టిగా మాట్లాడతారు. ముక్కు పోయిందంటే నవ్వుతారు.

అలబామాలో పీచ్ తోటల నడుమ ఉన్న బ్రైస్ క్రీక్ అనే ఊళ్ళో ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి ఆమె. ఊళ్ళో సగం మంది ఆ బస్సెక్కి చదువుకున్నవాళ్ళు. బస్సెక్కని వాళ్ళకు కూడా ఆమె కాబ్లర్ తెలుసు. అడుగున పాకంలో ఉడికిన పీచ్ ముక్కలు, పైన వెన్న కలిపిన పిండి, దానిమీద కరకరలాడే పంచదార పెళుసు. జాజికాయ దండిగా వేసేది. చర్చి విందులో ఆమె మూకుడు మీద గుడ్డ తీస్తే, ఆ ఘుమఘుమకు పాస్టరుగారు ప్రార్థన సగంలోనే ఆమెన్ అనేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

జూలైలో ఒక గురువారం తలుపు దబదబా మోగింది.

“వదినా, తలుపు తియ్! చేతులు పడిపోతున్నాయి.”

బుట్ట నిండా పీచ్ పళ్ళతో తమ్ముడి భార్య ఎర్నెస్టీన్. తమ్ముడు పోయి ఆరేళ్ళయింది. ఎర్నెస్టీన్‌కూ అరవై దాటాయి. అయినా వారానికి రెండుసార్లు వచ్చి వదినతో పోట్లాడకపోతే ఆవిడకు తోచదు.

“ఇవెందుకు?” అంది వెర్లీన్.

“ఆదివారం చర్చి పండగ. ఎక్కడెక్కడో ఉంటున్నవాళ్ళంతా వస్తారు. పోయినేడు ఓవెన్ పాడయిందన్నావు. ఈ ఏడు ఏం పాడవబోతోందో ఇప్పుడే చెప్పు, బాగు చేయించుకొస్తా.”

“ముందు నీ నోరు బాగు చేయించుకో.”

“నా నోరు బాగానే ఉంది. అందుకే అడుగుతున్నా. నువ్వు చేస్తావా, నన్ను చెయ్యమంటావా?”

“నువ్వు చేస్తే వచ్చినవాళ్ళు మళ్ళీ ఈ ఊరి మొహం చూడరు.”

“అయితే నువ్వే చెయ్!” అని ఎర్నెస్టీన్ బుట్ట అక్కడ దించి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

శుక్రవారం వెర్లీన్ ఒక మూకుడు చేసి చూసింది. ఇన్నేళ్ళూ ఆమెకు గడియారంతో పని పడలేదు. ముందు వెన్న వాసన వచ్చేది, తర్వాత పండు, చివర పంచదార రంగు మారబోయే ముందు ఒక సన్నటి వాసన. అప్పుడు లేచి తీసేది. ఆ రోజు వరండాలో కూర్చుని రోడ్డు చూస్తూ ఉండిపోయింది. కిటికీలోంచి పొగ కనబడి లోపలికి పరుగెత్తేసరికి మూకుట్లో బొగ్గు ఉంది. చేతిగుడ్డతో పొగను బయటికి తోలుతూ, ఆ మాడు వాసనైనా తగులుతుందేమోనని గట్టిగా గాలి పీల్చింది. కళ్ళు మండాయి. అంతే.

శనివారం మధ్యాహ్నం మళ్ళీ పళ్ళు కోసింది. పంచదార, నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసింది. జాజికాయ తీసి గీకబోయి ఆగింది. ఎంత వెయ్యాలో ఎప్పుడూ ముక్కే చెప్పేది. ముక్కు దగ్గర పెట్టుకుంటే అది చెక్కముక్కలా ఊరుకుంది. తెలియనిది వెయ్యడమెందుకని డబ్బాలో పడేసింది. మజ్జిగతో పిండి కలిపి పళ్ళమీద పరిచి, పంచదార చల్లి, దానిమీద సన్నటి ధారగా మరిగే నీళ్ళు పోసింది. పెళుసు కట్టేది ఆ నీళ్ళతోనే.

ఈసారి వరండాలోకి వెళ్ళలేదు. పొట్టి స్టూలు ఓవెన్ పక్కకు లాక్కుని, గోడకు తల ఆనించి కూర్చుంది. ఫ్యాను తిరుగుతోంది. ఓవెన్ వేడి మోకాళ్ళకు తగులుతోంది. కాసేపటికి కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి.

ఎక్కడో దూరంగా రేకుల కప్పు మీద వాన మొదలయినట్టు అనిపించింది. చిటపటలు దగ్గరయ్యాయి. ఆ వానలో అమ్మ లవీ మే కనబడింది. పళ్ళు డబ్బాల్లో సర్దే షెడ్డు నుంచి అప్పుడే ఇంటికొచ్చింది. పళ్ళ మీది నూగు దురద పెట్టకుండా చేతులకు పూసుకున్న పౌడరు తెల్లగా చారలు కట్టి ఉంది. కాళ్ళు నీళ్ళ తొట్టిలో పెట్టుకుని, పొయ్యి పక్కనే కళ్ళు మూసుకుని కూర్చుంది. వెర్లీన్‌కు ఎనిమిదేళ్ళు.

“అమ్మా, అయిందా?”

“తొందరేంటే! ఇంకా వాగుతోంది విను. నీళ్ళున్నంతసేపు అట్టాగే వాగుద్ది. చిక్కబడ్డాక ఆలోచించుకుని మాట్టాడుద్ది.”

అమ్మ కళ్ళు తెరవలేదు. అలసటతో నిద్రపోతోందనుకునేది వెర్లీన్ చిన్నప్పుడు. అమ్మ వింటోందని ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

వాన సన్నగిల్లింది. కుతకుతలు నెమ్మదించాయి. బుళుక్ అని ఒక బుడగ. ఒక ఊపిరి తీసి వదిలేంత మౌనం. మళ్ళీ బుళుక్. తను నిద్రలో ఉందో మెలకువలో ఉందో ఆమెకు తేలలేదు. ఆ మౌనం రెండు ఊపిరులయింది, మూడయింది. పైనుంచి మంచు పలక బీటలిచ్చినట్టు సన్నగా టిక్, టిక్‌మన్నది. పంచదార బిగుస్తోంది. వెర్లీన్ లేచి ఓవెన్ తలుపు తీసింది. తేనెరంగు పెళుసు కింద, అంచుల వెంట ఎర్రటి పాకం బద్ధకంగా ఊగుతోంది.

ఆదివారం చర్చి వెనక షెడ్డులో బల్లలు వేశారు. వెర్లీన్ దూరంగా స్తంభం పక్కన నిలబడింది. చెంచాలు పెళుసు మీద పడి పటుక్కుమనడం, తర్వాత నోళ్ళు కరకరమనడం వినిపించింది. ఎవరూ మొహం చిట్లించలేదు.

తొంభై ఒక్క ఏళ్ళ అబ్నర్ సిస్ట్రంక్ రెండు చెంచాలు తిని, మూడోది ప్లేటులోనే పెట్టేశాడు.

“ఇది ఎవరు చేశారు?”

“నేనే, అబ్నర్ మామా” అంది వెర్లీన్ భయంభయంగా.

“నువ్వు కాదు. ఇది లవీ మే చేసింది.”

ఎప్పుడో పోయిన లవీ మే పేరు విని పక్కనున్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముసలాయన వాళ్ళ మీద కళ్ళెర్రజేశాడు. “నా బుర్ర బాగానే ఉందిలే! పళ్ళ షెడ్డులో పనిచేసే రోజుల్లో, భోజనాల వేళ మీ అమ్మ డబ్బా మూత తీస్తే మేమంతా మూగేవాళ్ళం. నువ్వు చేసేదాంట్లో జాజికాయ ఎక్కి కూచునుంటుంది, పండు దాని కింద నలిగిపోతుంది. ఇందులో పండు ఒక్కటే ఉంది.” అని మూడో చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు ఒత్తుకున్నాడు.

వెర్లీన్ ఒక ప్లేటులో కాస్త పెట్టుకుని కార్ల వెనక్కి నడిచింది. నోట్లో పెట్టుకుంది. తియ్యగా ఉంది. పుల్లగా ఉంది. కరకరలాడింది. అక్కడితో ఆగిపోయింది. అమ్మ చేతివంట నోట్లోనే ఉంది, అది అమ్మదని ఊళ్ళోవాళ్ళు చెబితే తప్ప తనకు తెలియలేదు.

“ఏడుస్తున్నావేంటి వదినా?” ఎర్నెస్టీన్ వెనకాలే వచ్చింది. “ఆ ముసలాయన మాటలకా?”

“నాకు వాసన తెలీదు, ఎర్నెస్టీన్. ఆ జ్వరం తర్వాత నుంచీ. రుచీ సరిగా తెలీదు.”

ఎర్నెస్టీన్ తన మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

“అందుకేనా, నా కొత్త సెంటు బాగుందన్నావు? మిగతా అందరూ నా పక్కన కూచోడమే మానేశారు.”

వెర్లీన్‌కు ఏడుపులోనే నవ్వొచ్చింది. ప్లేటు మరదలి చేతిలో పెట్టింది. “తిని, ఎట్టా ఉందో చెప్పు. బాగుందని మాత్రం చెప్పకు.”

ఎర్నెస్టీన్ తింది. మళ్ళీ తింది. “ముందు పంటి కింద సన్నగాజు పగిలినట్టుంది. తర్వాత వెన్న. ఆ తర్వాత పండు. కొట్లో పండు కాదు. మధ్యాహ్నం పూట చెట్టు మీదే ఎండకు కాగి ఉంటుంది చూడు, కొరికితే మోచెయ్యి దాకా కారుద్ది... అది. చివర్లో కాస్త చేదు.”

“చేదా?”

“గింజ చుట్టూ ఎర్రగా ఉంటుందే, అక్కడి చేదు. అది లేకపోతే ఇంత బాగుండదు.”

వెర్లీన్ కళ్ళు మూసుకుంది. ఎర్నెస్టీన్ మాటలు ఒక్కొక్కటీ లోపలికి దిగుతుంటే, ఎండ కాచిన తోట, పౌడరు చారల చేతులు ఆమె ముందు నిలబడ్డాయి. అది వాసన కాదని ఆమెకు తెలుసు. అయినా దానికి దగ్గరగా ఉంది.

ఆ ఏడు వాసన తిరిగి రాలేదు. ఎర్నెస్టీన్ మాత్రం శనివారం శనివారం వచ్చింది. పీచ్ పళ్ళు అయిపోయాక అంజూరాలు తెచ్చింది, అవీ అయిపోయాక నేరేడు రంగు అడవి ద్రాక్షలు. ఒకరు ఓవెన్ పక్కన కూర్చుని వింటారు, ఇంకొకరు తిని చెబుతారు. మొదట్లో ఎర్నెస్టీన్ గబగబా చెప్పేసేది. సెప్టెంబరు నాటికి ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ ఎంతోసేపు ఉండిపోయేది.

“చెప్పవే” అనేది వెర్లీన్.

“ఉండు వదినా. దీనికి ఇంకా మాట దొరకలా.”